శబ్దం చేయని చేపకు ఐసు లేదు

నీలాలరేవులో ఐసును ఇకమీదట చేపలకు కాక కార్లకు పెడతారని చెబితే సూరాడ కొర్లమ్మ నమ్మలేదు. చెప్పినవాడు తాగి ఉన్నాడనుకుంది. తీరా చూస్తే చెప్పినవాడు ఐసు ఫ్యాక్టరీ గుమస్తా అప్పన్న. అప్పన్నకు తాగుడు అలవాటు లేదు, వేళాకోళం అంతకంటే లేదు.

"ఉన్న దిమ్మలన్నీ మున్సిపాలిటీవోళ్ళు రాయించేసుకున్నారు కొర్లమ్మా," అన్నాడు.

"మున్సిపాలిటీకి ఐసెందుకు? ఆళ్ళుగాని సేపలమ్ముతారేటి?"

"కార్ల డిక్కీల్లో పెడతారంట. సౌండు తగ్గడానికంట."

కొర్లమ్మ ఆటోలో ఉన్న గంపవైపు చూసుకుంది. అందులో అప్పుడే తెప్ప దిగిన కోనెం చేపలు వెండి కడ్డీల్లా మెరుస్తున్నాయి. ఎండెక్కితే అవి అలా మెరవవు. ఇన్నేళ్ళూ గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగిన కొర్లమ్మకు ఈ ఏడే ఒక నిలకడైన బేరం దొరికింది. ఘాట్ రోడ్డు మీద, కొండ నెత్తిన ఉన్న పెద్ద హోటలుకు రోజూ పొద్దున్నే కోనెం పంపాలి. మేనేజరు ముందే చెప్పాడు, ఒక్కరోజు చేప మెత్తబడినా ఆర్డరు పక్క రేవుకు ఇచ్చేస్తానని. పక్క రేవువాళ్ళు ఆ రోజు కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురు చూస్తున్నారని కొర్లమ్మకు తెలుసు. ఐసు లేకుండా కొండెక్కేసరికి చేప మెత్తబడటం ఖాయమనీ తెలుసు.

అసలు ఈ ఐసు గొడవ పుట్టింది ఐసులో కాదు, చలిలో. నీలాలరేవుకున్న అందమల్లా బీచి రోడ్డు. ఆ అందం చూడ్డానికి సాయంత్రమయ్యేసరికి కుర్రకారంతా కార్లేసుకుని వచ్చేవాళ్ళు. ఆ కార్ల డిక్కీల్లో సబ్ వూఫర్లు. సబ్ వూఫరంటే ఏమిటో తెలియనివాళ్ళకు కూడా దాని దెబ్బ తెలుసు. పాట వినపడదు, గుండెల్లో రోకటిపోటు మాత్రం పడుతుంది. రోడ్డు పక్క ఇళ్ళల్లో గూట్లో పెట్టిన గ్లాసులు వాటంతటవే అంచుదాకా నడిచొచ్చి కిందకు చూసేవి. మున్సిపాలిటీ జరిమానాలు వేద్దామని చూసింది గానీ, ఆపిన ప్రతి కుర్రాడూ ఎవరో ఒక కౌన్సిలరుకు మేనల్లుడు అయ్యేవాడు. నీలాలరేవులో కౌన్సిలర్లకు అంతమంది అక్కచెల్లెళ్ళున్న సంగతి అప్పుడే బయటపడింది.

అలాంటి రోజుల్లో మున్సిపల్ కమిషనర్ శేషావతారం గారు కుటుంబ సమేతంగా లంబసింగి వెళ్ళారు. తెల్లవారుజామున పొగమంచులో వణుకుతూ నిలబడితే, పక్కనే ఒక కారు డిక్కీ తెరుచుకుంది. ఆయన అలవాటు చొప్పున గుండె పట్టుకున్నారు. పోటు పడలేదు. తడి గోనెసంచి మీద కర్రతో కొట్టినట్టు డబడబమని ఏదో చప్పుడొచ్చి ఊరుకుంది. ఆ కారు కుర్రాడు స్నేహితుడితో, "చలికి స్పీకరు చుట్టూ ఉన్న రబ్బరు బిగుసుకుపోయిందిరా, బేసు రాదు," అన్నాడు. శేషావతారం గారికి జ్ఞానోదయమైంది. కుర్రాడు ఆ వెంటనే, "కాసేపు చిన్నగా వాయిస్తే అదే వేడెక్కి దారికొస్తుంది," అని కూడా అన్నాడు. కానీ సరిగ్గా అప్పుడే కమిషనర్ గారి భార్య వేడి బజ్జీలు చల్లారిపోతున్నాయని కేకేసింది. అలా ఆయన శాస్త్రంలో మొదటి సగం మాత్రం పట్టుకుని కొండ దిగారు. రెండో సగం బజ్జీల పాలైంది.

ఆ సగంలోంచి పుట్టిందే "శీతల పద్ధతిన శబ్ద నివారణ పథకం". పట్టణంలోకి వచ్చే ప్రతి కారునూ చెక్‌పోస్టులో ఆపి, డిక్కీలోని సబ్ వూఫరు చుట్టూ ఐసు పేర్చి, ఊక చల్లి, గోనె కప్పి పంపాలి. ఐసు ఖర్చు మున్సిపాలిటీది. దీనికి నోడల్ అధికారిగా శానిటరీ ఇన్‌స్పెక్టర్ మజ్జి త్రినాథరావును వేశారు. అంతవరకూ ఆయన దోమల నోడల్ అధికారి.

కొర్లమ్మ ఆటో దిగి చెక్‌పోస్టు దగ్గరకు వెళ్ళేసరికి త్రినాథరావు ఒక ఎర్ర కారు డిక్కీలో తల దూర్చి ఉన్నాడు. తల బయటికి తీసినప్పుడు చేతిలో జ్వరం చూసే థర్మామీటరు ఉంది.

"అదేటి బాబూ, కారుకి ఒళ్ళు బాగోలేదా?" అంది కొర్లమ్మ.

"ఉష్ణోగ్రతా మాపనం," అన్నాడు త్రినాథరావు గంభీరంగా. "వేడి కొలిచే పరికరాలు కావాలని పైకి రాశాం. మున్సిపల్ ఆస్పత్రి నుంచి ఇవి వచ్చాయి."

జ్వరం థర్మామీటరు ఐసులో పెడితే పాదరసం అడుగు గీత దగ్గరే కూర్చుంటుంది, అంతకన్నా కిందికి చూపించటం దానికి చేతకాదు. అయినా వచ్చిన పరికరాన్ని వాడకపోతే ఆడిట్ వాళ్ళు అడుగుతారు. అందుకని ప్రతి కారునూ పరీక్షించి, అద్దం మీద "జ్వరం లేదు" అని ఒక చీటీ అంటించి పంపుతున్నారు. ఎర్ర కారు తాలూకు రొంగలి హేమంత్ ఆ చీటీని దిగాలుగా చూసుకుంటున్నాడు. డిక్కీలో అతని ప్రాణంలాంటి సబ్ వూఫరు, గోనె కప్పుకుని, పురిటి గదిలో బాలింతలా పడుకుని ఉంది.

"బాబూ, నాకు రెండు దిమ్మలిప్పించండి. సేప పాడైపోద్ది," అంది కొర్లమ్మ.

"నా పరిధిలో లేదమ్మా. ఐసు మంజూరు అధికారం కమిషనర్ గారిది. నాకున్నది కరగకుండా చూసే అధికారం మాత్రమే."

ఆ పూట కొర్లమ్మ పాత చుట్టరికం పట్టుకుని, పెళ్ళివారి కోసం దాచిన ఐసులో కాస్త బతిమాలి తెచ్చుకుని, చేపను గట్టెక్కించింది. మర్నాటికి ఆ దారి కూడా మూసుకుపోయింది. ఫిర్యాదుల రోజు కదాని సరాసరి కమిషనర్ గారి గదికి వెళ్ళింది.

శేషావతారం గారు ఆమె చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు. ఆయన దృష్టిలో కళ్ళు మూసుకుని వినటం సానుభూతి.

"నీ సమస్య పట్ల ఈ కార్యాలయం పూర్తి అవగాహన కలిగి ఉందమ్మా. అయితే ఒక చిక్కుంది. ఈ పథకం శబ్దం చేసే వస్తువుల కోసం ఉద్దేశించబడింది. చేప శబ్దం చేస్తుందా?"

"సెయ్యదు బాబూ."

"అదీ సంగతి. శబ్దం చేయని వస్తువుకు ఐసు మంజూరు చేసే వీలు నిబంధనల్లో లేదు."

"అంటే గోల సేసినోళ్ళకే ఇస్తారేటి బాబూ? నోరు మూసుకుని పడున్నదానికి ఇవ్వరా?"

శేషావతారం గారు కళ్ళు తెరిచారు. "చాలా చక్కగా గ్రహించావు," అన్నారు. పథకాన్ని ఒక్క ముక్కలో అంత బాగా చెప్పిన మనిషి అప్పటివరకూ ఆయన ఆఫీసులో లేరు.

కొర్లమ్మ మెట్లు దిగి, ఆటోలో ఉన్న గంపకేసి చూసింది. నోరు లేని చేప మీద జాలి కలగటం ఆమెకు అదే మొదటిసారి.

ఈలోగా పథకానికి ఒక అడ్డంకి వచ్చింది. చెక్‌పోస్టు దాటిన కార్లు కొంతసేపు మూగగా ఉండి, బీచి రోడ్డు చేరేసరికి మళ్ళీ పోటు వేయటం మొదలుపెట్టాయి. స్పీకరు వాయించేకొద్దీ వేడెక్కుతుంది కదా, బజ్జీల పాలైన సగం అక్కడ పగ తీర్చుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం శేషావతారం గారు. ఐసు చాలలేదని తేల్చారు. ప్రతి కూడలిలో ఒక "పునఃశీతలీకరణ కేంద్రం" పెట్టించి, కరిగినంత ఐసు మళ్ళీ నింపమన్నారు. ఆపైన శబ్దం చేసే యావత్తు సామగ్రికీ పథకాన్ని విస్తరించారు. పెళ్ళి బ్యాండు వాళ్ళ డోళ్ళకు ఐసు పెడితే తోలు నాని, పెళ్ళికొడుకు తాళి కట్టే వేళకు డోలు చప్పుడు పిల్లి నీళ్ళు తాగినట్టు వచ్చింది. బడి గంటను ఐసు బక్కెట్లో దించారు, ఆ రోజు బడి ఎప్పుడు విడిచిపెట్టారో ఎవరికీ తెలియక మేష్టర్లు చీకటి పడేదాకా పాఠం చెప్పారు. ఒక పెద్దమనిషి వచ్చి తన అత్తగారిని కూడా పథకం కింద చేర్చమని అర్జీ పెట్టాడు. అది పరిశీలనలో ఉందని జవాబిచ్చారు.

ఇంత ఐసు కావాలంటే ఫ్యాక్టరీ రాత్రీ పగలూ నడవాలి. దాని పాత కంప్రెసరు ఊళ్ళోకెల్లా పెద్ద గొంతుగల యంత్రం. ఊరు మూగబోయిన కొద్దీ దాని రొద పెరిగినట్టు వినిపించింది. కమిషనర్ గారు దాని మీద కూడా ఐసు పెట్టమన్నారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, ఫ్యాక్టరీ చేసిన ఐసులో సగం ఫ్యాక్టరీ నెత్తినే కరిగిపోయేది.

కొర్లమ్మ మాత్రం రోజూ చెక్‌పోస్టు దగ్గర వేపచెట్టు నీడన గంప పెట్టుకుని కూర్చుని, కింద రాలిన ఐసు ముక్కలు ఏరుకుని చేపను గట్టెక్కిస్తోంది. ఒకనాడు హేమంత్ కారు వచ్చి ఆగింది. త్రినాథరావు డిక్కీ తెరిచి తెల్లటి ఐసు దిమ్మలు పేర్చి, ఊక చల్లాడు. కొర్లమ్మ ఆ డిక్కీకేసి చూసింది. ఐసు, ఊక, గోనె. చేపల పెట్టెకు ఇంకేం కావాలి? కావలసింది చేప ఒక్కటే.

"బాబూ హేమంతూ, నువ్వెటెల్తన్నావు?"

"కొండమీదకి పెద్దమ్మా. కింద ఈ గోల పడలేక ఆ హోటల్ దగ్గర కూర్చుంటున్నాం."

"అయితే నా సేపలు కూడా కొండ సూడ్డానికొస్తాయి. తీసుకెల్లు నాయినా, కిరాయిస్తాను."

హేమంత్ ముక్కు ముడిచాడు. డిక్కీలో ఎలాగూ ఐసు కరిగి నీళ్ళోడుతోంది, ఇక పాడవడానికి ఏం మిగిలిందనుకున్నాడేమో, ఒప్పుకున్నాడు. త్రినాథరావు అడ్డొచ్చాడు.

"డిక్కీలో చేపలేమిటమ్మా?"

"మీ రూల్లో సేపలుండకూడదని రాసుందా బాబూ?"

త్రినాథరావు ఉత్తర్వు తీసి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. రాసి లేదు. రాయని దాన్ని ఆపడానికి తనకు అధికారం లేదు. నియమం తప్పకుండా థర్మామీటరు తీసి కోనెం నోట్లో పెట్టి చూశాడు. "జ్వరం లేదు," అన్నాడు, చీటీ అంటించాడు.

ఆ కారు కొండెక్కేలోపు ప్రతి కూడలిలోనూ మున్సిపాలిటీ సిబ్బంది ఆపి, మూత తీసి, కరిగినంత ఐసు కొత్తగా నింపారు. నీలాలరేవు చేప అంత తాజాగా కొండెక్కిన రోజు అంతకుముందు లేదు. హోటలు మేనేజరు చేప మొప్పలెత్తి చూసి, ఇంకా ఎక్కువ పంపమని కబురు పెట్టాడు. కొర్లమ్మ ఆ రోజు ఇంటికి పోతూ వీధంతా నవ్వుకుంటూనే నడిచింది.

రేవులోని ఆడవాళ్ళకు సంగతి తెలియటానికి ఒక పూట చాలు. మర్నాటినుంచి ప్రతి సబ్ వూఫరు పక్కనా ఒక గంప. కానాగంతలు, నెత్తళ్ళు, రొయ్యలు అన్నీ బేసు పక్కన పవళించి ప్రయాణం చేశాయి. చేపనీళ్ళు దిగిన స్పీకర్లు ఒకటొకటిగా గురకపెట్టి పోయాయి. కుర్రాళ్ళకు మొదట ఏడుపొచ్చింది. కిరాయిలు చేతికందేసరికి తగ్గింది. హేమంత్ తన సబ్ వూఫరు ఇంకా బతికుండగానే ఊడదీసి ఇంట్లో దాచుకున్నాడు. వాళ్ళమ్మ దానిమీద టీవీ పెట్టుకుంది.

అక్కడే మళ్ళీ చిక్కొచ్చింది. సబ్ వూఫరు లేని కారుకు ఐసు ఇవ్వటం కుదరదన్నాడు త్రినాథరావు. అప్పుడు కొర్లమ్మే దారి చూపించింది. కాలిపోయిన, చచ్చిపోయిన, చేపనీళ్ళు తాగి మూగబోయిన సబ్ వూఫర్లన్నిటినీ పాత ఇనప సామాన్ల కొట్లోంచి ఆడవాళ్ళు తలొకటీ కొనుక్కొచ్చి చేపల ఆటోల్లో పెట్టుకున్నారు. త్రినాథరావు లోపలికి తొంగి చూసేవాడు. సబ్ వూఫరుంది. ఐసు పెట్టేవాడు. అది మోగుతుందా లేదా అని చూడమని ఉత్తర్వులో లేదు. కొద్ది కాలంలోనే ఆ జిల్లాలో అన్నిటికన్నా ఎక్కువ సబ్ వూఫర్లున్న ఊరు, అన్నిటికన్నా నిశ్శబ్దంగా ఉన్న ఊరు రెండూ నీలాలరేవే అయ్యాయి. అంకెలు చూసి పైవాళ్ళు ముక్కున వేలేసుకుని, రాజధాని నుంచి పరిశీలక బృందాన్ని పంపారు.

శబ్దం కొలిచే యంత్రం చేత్తో పట్టుకుని వచ్చింది బృందం పెద్ద, కళ్ళజోడు పెట్టుకున్న ఒక మేడమ్. శేషావతారం గారు ఆమెను సగర్వంగా చెక్‌పోస్టుకు తీసుకొచ్చి కొర్లమ్మ ఆటోను ఆపించారు.

"ఇదిగో మేడమ్, పన్నెండంగుళాల సబ్ వూఫరు. శీతల స్థితిలో ఉంది. అమ్మా, పూర్తి స్థాయిలో వాయించు."

కొర్లమ్మ మీట నొక్కింది. ఎప్పుడో చచ్చిన స్పీకరు ఏం మోగుతుంది? యంత్రంలో ముల్లు ఉన్నచోటు నుంచి కదలలేదు. మేడమ్ అబ్బురపడి రాసుకుంది. రాసుకుంటూ చెవి ఒగ్గి, "మరి ఆ రొద ఎక్కడిది?" అంది.

"ఐసు ఫ్యాక్టరీది మేడమ్."

"ఊళ్ళో మిగిలిన శబ్దం అదొక్కటే. అది కూడా లేకపోతే 'ప్రశాంత పట్టణం' బహుమతి మీకే వస్తుంది."

సాయంత్రానికల్లా ఫ్యాక్టరీ గేటుకు తాళం, తాళానికి సీలు పడ్డాయి. అప్పన్న గేటు బయట స్టూలు మీద కూర్చుని సముద్రం చూస్తున్నాడు. "ఇక కార్లకీ లేదు, సేపలకీ లేదు. అన్నిటికీ జ్వరం తగ్గిపోనాదంట," అన్నాడు. పథకం ఐసును ఎత్తుకుపోయినప్పుడు కొర్లమ్మ ఎదురుతిరిగి దక్కించుకుంది. ఇప్పుడు ఎత్తుకుపోవటానికి కూడా ఐసు లేదు. వీధిలో అడుగుపెట్టగానే కోడలు, "రేపటికి సేప ఏటి సేద్దామత్తా?" అంది. కొర్లమ్మ అరుగు మీద కూర్చుని, శేషావతారం గారి గదిలో విన్న 'శబ్దం చేసే వస్తువు' మాటనే మళ్ళీ మళ్ళీ నమిలింది. తర్వాత లేచి హేమంత్ ఇంటికి పోయింది.

"ఆ టీవీ కిందున్న పెట్టె బతికే ఉందా నాయినా?"

"ఎందుకుండదు పెద్దమ్మా. అయితే దాన్ని ఒకేసారి గట్టిగా వాయించకూడదు. చలికి రబ్బరు బిగుసుకునుంటుంది. ముందు చిన్నగా వాయించి వేడెక్కనివ్వాలి. ఆ తర్వాత ఎంతంటే అంత."

అలా బజ్జీల పాలైన రెండో సగం చివరికి నీలాలరేవులో అక్కరకొచ్చే మనిషి చెవినే పడింది.

బహుమతి ప్రదానం మర్నాడు పొద్దున్నే, మున్సిపల్ ఆఫీసు ముందు షామియానాలో. నిశ్శబ్దానికి ఇచ్చే బహుమతి కనుక మైకు పెట్టలేదు. శేషావతారం గారు మామూలు గొంతుతోనే "నేడు ఈ పట్టణమున వెల్లివిరియుచున్న నీరవతకు" అంటూ మొదలుపెట్టారు. గోడవతల కొర్లమ్మ ఆటో ఆగి ఉంది. అందులో గంపెడు కోనెం, గంప పక్కన హేమంత్ సబ్ వూఫరు. అది ఇంకా చిన్నగా, పిల్లి గుర్రుమన్నట్టు మోగుతోంది. ఎవరికీ వినపడలేదు. ఊరంతా గోల ఆగిపోయిన ఆ పొద్దున, ఒక మనిషి బతుకుతెరువు ఆ చిన్న గుర్రు మీద ఆధారపడి ఉంది. కొర్లమ్మ రబ్బరు మీద చేయి వేసి చూసింది. గోరువెచ్చగా తగిలింది. హేమంత్ తలూపాడు.

ముందు షామియానా గుంజలు కదిలాయి. తర్వాత బల్లమీద మంచినీళ్ళ గ్లాసులు ఒకదాని వెనక ఒకటి అంచుకేసి నడిచాయి. బహుమతి ఫలకం కూడా వాటి వెనకే బయల్దేరింది. మేడమ్ చేతిలోని యంత్రంలో ముల్లు ఆ చివరికి పోయి అక్కడే ఉండిపోయింది. బేసు కింద కొర్లమ్మ గొంతు, హేమంత్ ముందురోజు రాత్రి ఫోన్లో రికార్డు చేసినది, "కోనెమమ్మా కోనెం" అంటూ ఊరంతా పరుచుకుంది.

"ఏమిటిది?" అంది మేడమ్ రెండు చెవులూ మూసుకుని.

శేషావతారం గారు పరుగెత్తుకుంటూ గోడ దాటి వచ్చారు. వెనకాల త్రినాథరావు, అతని చేతిలో థర్మామీటరు.

"ఆపమ్మా, ఆపు," అన్నారు కమిషనర్ గారు.

"ఆపడానికి రూల్లో ఐసు కదా బాబూ పెట్టాల," అంది కొర్లమ్మ. "ఇది శబ్దం సేసే వస్తువే. సూడండి, ఎంత బాగా సేస్తందో."

శేషావతారం గారు త్రినాథరావుకేసి తిరిగారు. "ఐసేదయ్యా? తక్షణం ఐసు తెప్పించు."

"ఫ్యాక్టరీ మూసేశాం సార్."

"ఎవరు మూయమన్నారు?"

త్రినాథరావు ఉత్తర్వు తీసి కింద ఉన్న సంతకం చూపించాడు. శేషావతారం గారు దాన్ని చూశారు, షామియానాలో పడిపోబోతున్న ఫలకాన్ని చూశారు, చివరికి ఆటోలో ఉన్న కోనెం చేపలను చూశారు. "తెరిపించండి," అన్నారు, ఎవరూ వినలేనంత నెమ్మదిగా. వినపడకపోయినా అందరికీ అర్థమైంది.

కాసేపటికి ఊరికి ఆ మూల ఫ్యాక్టరీ కంప్రెసరు పాత గొంతుతో దగ్గి, రొద అందుకుంది. రేవులో ఆడవాళ్ళు ఆ రొద విని గంపలెత్తుకున్నారు. పాత నిల్వ దిమ్మలు కొన్ని ముందుగా మోసుకొచ్చి అప్పన్న ఆటో పక్కన దించాడు. త్రినాథరావు ఒంగి సబ్ వూఫరు చుట్టూ పేర్చబోయాడు. కొర్లమ్మ అతని చేతిలోంచి దిమ్మ అందుకుని ముందు చేపల మీద పెట్టింది, ఊక చల్లింది, గోనె కప్పి చుట్టూ బిగించింది. ఆ తర్వాత సౌండు తగ్గించింది.

శేషావతారం గారు ఊపిరి పీల్చుకుని, "పూర్తిగా ఆపేయొచ్చు కదమ్మా," అన్నారు.

"ఒద్దు బాబూ," అంది కొర్లమ్మ ఆటో ఎక్కుతూ. "సలికాలం గదా. ఎప్పుడేం అవసరమొస్తాదో, కాస్త ఏడి మీదే ఉంచమన్నాడు హేమంతు."